పెద్దలు కుదిర్చిన పెళ్లి, తర్వాత పుట్టిన ప్రేమ: చారిత్రక ప్రణయ నవలల్లో ఒక కథాసరళి

చారిత్రక ప్రణయ నవలల్లో బాగా వేళ్లూనుకున్న కథాసరళి ఇది. ఆస్తి కోసమో, వంశం కోసమో, అప్పు తీరడం కోసమో, రాజు ఆజ్ఞ కాదనలేకో ఇద్దరికి పెళ్లవుతుంది. ఆ పెళ్లిలో ప్రేమ ప్రసక్తి ఉండదు. కొన్నిసార్లు ముఖపరిచయం కూడా ఉండదు. ఒకే ఇంట్లో కాపురం చేస్తూ చేస్తూ ఒకరి తీరు ఒకరికి తెలిసి, ఎప్పుడు మొదలైందో వాళ్లకే అంతుపట్టని ప్రేమ పుడుతుంది. మామూలు ప్రణయ నవల పెళ్లి ఖాయం కావడంతో ముగిస్తే, ఈ తరహా నవల పెళ్లయిన మర్నాటి నుంచి మొదలవుతుంది.

ఇంగ్లీషులో ఈ సరళికి పునాది వేసినవి 18, 19 శతాబ్దాల ఇంగ్లండ్ నేపథ్యంగా వచ్చిన నవలలు. ముఖ్యంగా 1811 నుంచి 1820 వరకు సాగిన రీజెన్సీ కాలపు కథలు. తర్వాత మధ్యయుగపు స్కాట్లండ్ కోటలు, విక్టోరియా రాణి నాటి లండన్, మొగలుల అంతఃపురాలు, చైనా ప్రభువుల లోగిళ్లు కూడా దీనికి రంగస్థలాలయ్యాయి.

కథ ఎలా నడుస్తుంది

ప్రణయ నవల నిర్మాణాన్ని శాస్త్రీయంగా విశ్లేషించిన పమేలా రీజిస్ 2003లో వెలువరించిన గ్రంథంలో ఆ నవలకు ఎనిమిది అంగాలుంటాయని చెప్పింది. సమాజ చిత్రణ, తొలి కలయిక, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ ప్రకటన, అంతా చేజారిందనిపించే ఘట్టం, అడ్డంకిని దాటించే గ్రహింపు, పెళ్లి నిశ్చయం. ఇవి వరుస మారవచ్చని కూడా ఆమే అంది. కుదిర్చిన పెళ్లి కథలో మారేది సరిగ్గా ఈ వరుసే. చివర రావలసిన పెళ్లి ముందుకొస్తుంది, ఆకర్షణా ప్రేమ ప్రకటనా దాని వెనక నడుస్తాయి.

దీంతో రచయితకు ఒక ఇబ్బంది వచ్చిపడుతుంది. పెళ్లి కాని జంటకు అడ్డంకులు బయటి నుంచి తేవచ్చు. తండ్రి ఒప్పుకోడు, అంతస్తు కుదరదు, పోటీకి మరొకడు దిగుతాడు. పెళ్లయిపోయిన జంటకు ఆ అడ్డంకులన్నీ తీరిపోయినట్టే. ఇక మిగిలేది ఇంటి లోపలి దూరం. డబ్బు కోసం కట్టుకున్నాడని ఆమె అనుకుంటుంది, హోదా కోసం వచ్చిందని అతను అనుకుంటాడు. ఇద్దరిలో ఒకరి మనసు ఇంకెక్కడో ఉంటుంది. లేదా ఇద్దరికీ ఇష్టమే అయినా, బేరంలో లేని మాట ఎత్తడం మర్యాద కాదని నోరు మెదపరు. ఈ తరహాలో బాగా కుదిరిన నవలలన్నీ ఈ మౌనం చుట్టూ తిరిగినవే. కుదరనివి మాత్రం కథ నడవక దొంగల్నీ కిడ్నాపుల్నీ ఆశ్రయిస్తాయి.

వీటిలో ప్రేమకు సాక్ష్యాలుగా వచ్చేవి ఉత్తరాలూ వెన్నెల రాత్రులూ కావు. భర్తకు ఏ కూర పడదో భార్య కనిపెట్టడం, ఆమె పద్దు పుస్తకం చూసి అతను ఆశ్చర్యపోవడం, జ్వరం వచ్చినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో గమనించడం. అందుకే ఈ నవలల్లో ఇంటి వ్యవహారం ఎక్కువ. పనివాళ్లు, కౌలుదార్లు, దర్జీ బిల్లులు, అత్తగారి సణుగుళ్లు, ఆడబిడ్డల పెళ్లిళ్లు పుటలకు పుటలు ఆక్రమిస్తాయి. చరిత్ర తెలిసిన రచయిత చేతిలో పడితే ఇవన్నీ కథకు బలమవుతాయి. తెలియని వాళ్ల చేతిలో గౌనుల వర్ణనలుగా మిగిలిపోతాయి.

వెనక ఉన్న చట్టం, డబ్బు

ఇంగ్లండులో ప్రభు కుటుంబాల పెళ్లి ప్రధానంగా ఆస్తి వ్యవహారం. భూమి అంతా పెద్దకొడుక్కి పోయేది, పైగా అమ్మడానికి వీల్లేకుండా తరతరాలకూ కట్టుబాటు చేసి ఉండేది. చిన్నకొడుకులకూ ఆడపిల్లలకూ ఇవ్వాల్సిన సొమ్ము పెళ్లి ఒప్పందంలోనే రాసుకునేవారు. పెళ్లికూతురు తెచ్చే కట్నం ఎంత, ఆమె చేతిఖర్చుకు ఏడాదికి ఎంత, భర్త పోతే భరణం ఎంత అని లాయర్లు కూర్చుని తేల్చేవారు. పెళ్లయిన ఆడదానికి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు. ఆమె ఆస్తి, సంపాదన భర్తవే. ఈ పరిస్థితిని 1870, 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు మార్చాయి. విడాకులు కోర్టు ద్వారా దొరకడం 1857 చట్టంతో మొదలైంది. అంతకుముందు పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోగల స్తోమత ఉన్నవాళ్లకే అది సాధ్యం. రీజెన్సీ కథలో మొగుడూ పెళ్లాం ఎంత పడకపోయినా ఒకే కప్పు కింద ఉండిపోవడానికి కారణం ఇదే. నవలా రచయితకు ఇంతకన్నా గట్టి గొళ్లెం దొరకదు.

1753లో హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన వివాహ చట్టం, 21 ఏళ్లు నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లి చేసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంది. అది స్కాట్లండుకు వర్తించలేదు. సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ ఊరు పారిపోయిన ప్రేమికుల అడ్డాగా మారింది. చారిత్రక ప్రణయ నవలల్లో సగం బళ్లు అటే పరిగెడతాయి. మిగతా సగం కథలు పరిగెత్తని వాళ్లవి. ఈ వ్యాసం వాళ్ల గురించే.

ఇలాంటి పెళ్లి ఎలా పాడవుతుందో విలియం హోగార్త్ 1743 నుంచి 1745 మధ్య ఆరు తైలవర్ణ చిత్రాల్లో చూపించాడు. అవి ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. మొదటి చిత్రంలో ఒప్పందం జరుగుతోంది. దివాలా అంచున ఉన్న ప్రభువు వాపు కాలును పీట మీద చాపుకుని తన వంశవృక్షం కేసి వేలు చూపిస్తుంటాడు. ఎదుట కొత్తగా డబ్బు చేసిన వర్తకుడు ఒప్పంద పత్రం చదువుకుంటున్నాడు. పెళ్లికొడుకు అద్దంలో తన ముఖమే చూసుకుంటున్నాడు. పెళ్లికూతురు ఉంగరాన్ని చేతిరుమాలులో దూర్చి ఆడిస్తూ, పక్కన గుసగుసలాడుతున్న లాయరు మాట వింటోంది. వాళ్ల కాళ్ల దగ్గర ఒకే గొలుసుకు కట్టిన రెండు కుక్కలు. ఆరో చిత్రానికి వచ్చేసరికి పెళ్లికొడుకు, పెళ్లికూతురు, లాయరు ముగ్గురూ చచ్చిపోతారు. అప్పుల ప్రభువు, వర్తకుడి కూతురు అనే ఇదే ముడిసరుకును రెండు శతాబ్దాల తర్వాత ప్రణయ నవల తీసుకుంది. ముగింపు మాత్రం తిప్పి రాసింది.

అలాగని ఆ ముగింపు పూర్తిగా కల్పన కాదు. రిచ్మండ్ రెండో డ్యూక్ చార్లెస్ లెనాక్స్ కథ ఇంగ్లండులో తరాలుగా చెప్పుకుంటున్నారు. 1719లో హేగ్ నగరంలో పద్దెనిమిదేళ్ల అతనికి, పదమూడు పధ్నాలుగేళ్ల సారా కాడొగన్‌కు పెళ్లి చేశారు. ఇద్దరి తండ్రుల మధ్య జూదపు బాకీ తీరడం కోసం జరిగిన సంబంధమది. పిల్లను చూసి కుర్రాడు ముఖం మాడ్చుకుని, పెళ్లవగానే యూరప్ యాత్రకు వెళ్లిపోయాడు. మూడేళ్ల తర్వాత తిరిగొచ్చాక కూడా ఇంటికి పోవడం ఇష్టం లేక నాటకశాలకు వెళ్లాడు. అక్కడ జనమంతా ఒక అందగత్తెనే చూస్తున్నారు. ఎవరామె అని పక్కవాణ్ణి అడిగితే, లండన్‌కు కొత్తా ఏమిటి, ఆవిడ రిచ్మండ్ డచెస్ కదా అన్నాడట. నాటకశాల ముక్కకు కథలో కాస్త రంగు అద్ది ఉండవచ్చు. ఆ దంపతుల అన్యోన్యత మాత్రం వాళ్ల ఉత్తరాల్లో దొరుకుతుంది. 1750లో డ్యూక్ పోతే మరుసటి ఏడే డచెస్ పోయింది. వీళ్ల పెద్దకూతురు కరొలైన్ 1744లో హెన్రీ ఫాక్సును రహస్యంగా పెళ్లాడినప్పుడు ఈ తల్లిదండ్రులే ఏళ్ల తరబడి ఆమె ముఖం చూడలేదు. స్టెల్లా టిల్యార్డ్ 1994లో రాసిన ‘అరిస్టొక్రాట్స్’ ఈ కుటుంబ చరిత్రే.

చరిత్రకారుడు లారెన్స్ స్టోన్ 1977లో ప్రచురించిన కుటుంబ చరిత్రలో, ఇంగ్లండులో 18వ శతాబ్దంలో ఆస్తి పెళ్లి వెనక్కి తగ్గి స్నేహ దాంపత్యం ముందుకొచ్చిందని వాదించాడు. అంత స్పష్టంగా గీత గీయలేమని తర్వాతి చరిత్రకారులు చాలామంది అభ్యంతరం చెప్పారు. నవలలకు కావలసింది సరిగ్గా ఆ గీత తెగని ప్రాంతమే. పెళ్లి పాత పద్ధతిలో జరగాలి, పెళ్లి మీద ఆశలు కొత్తవై ఉండాలి.

జార్జెట్ హేయర్

ఈ సరళికి అచ్చు పోసింది జార్జెట్ హేయర్ (1902–1974). రీజెన్సీ ప్రణయ నవల అనే శాఖే ఆమె పేరు మీద నిలబడింది. కుదిర్చిన పెళ్లి ఇతివృత్తాన్ని ఆమె మూడు భిన్నమైన వయసుల్లో మూడు రకాలుగా రాసింది. ఆ మూడింటినీ వరుసగా చదివితే ఒక రచయిత్రి ఆలోచన ఎలా ముదిరిందో తెలుస్తుంది.

‘ది కన్వీనియెంట్ మ్యారేజ్’ (1934) హాస్యం. రూల్ ప్రభువు విన్‌వుడ్ కుటుంబంలోని పెద్దమ్మాయిని అడుగుతాడు. ఆ పిల్ల ఒక పేద సైనికాధికారిని ప్రేమించింది, కాదంటే ఇంటి అప్పులు తీరవు. అప్పుడు పదిహేడేళ్ల చిన్నచెల్లెలు హొరేషియా ఒంటరిగా ప్రభువు ఇంటికి వెళ్లి, అక్క బదులు నన్ను చేసుకోమని అడుగుతుంది. తన లోపాలు తనే ఏకరువు పెడుతుంది. కనుబొమలు మరీ తిన్నగా ఉంటాయి, పొడుగు లేదు, పైగా నత్తి. పెళ్లయ్యాక మీ వ్యవహారాల్లో తలదూర్చనని హామీ కూడా ఇస్తుంది. ముప్పై అయిదేళ్ల ప్రభువు అక్కడికక్కడే పడిపోయాడని పాఠకుడికి తెలుస్తుంది, ఆ పిల్లకు తెలియదు. నవలంతా ఆ తెలియకపోవడమే. చివర ఒక పాతకాలపు నగ పోవడం, దాని కోసం ఆమె అన్న దారిదోపిడీకి దిగడం అచ్చం ప్రహసనం. పెళ్లిని తనే బేరమాడుకున్న నాయిక కావడం వల్ల ఈ కథలో బలవంతపు చేదు లేదు.

‘ఏప్రిల్ లేడీ’ (1957)లో అలాంటి మౌనమే బరువుగా ఉంటుంది. కార్డ్‌రాస్ ప్రభువు ప్రేమించే పెళ్లాడాడు. నెల్ కూడా ప్రేమించింది. కానీ గొప్పింటి పెళ్లిలో భర్త ప్రేమ ఆశించకూడదని, తన ప్రేమతో అతన్ని విసిగించకూడదని తల్లి ముందే బోధించి పంపింది. అన్న అప్పులు రహస్యంగా తీర్చి, దర్జీకి బాకీ పడి, ఆ సంగతి భర్తకు చెప్పలేక నెల్ సతమతమవుతుంది. భర్తకేమో ఈమె డబ్బు కోసమే వచ్చిందన్న అనుమానం. అసలు కుట్ర ఏమీ లేదు. ఉన్నదల్లా తల్లి చెప్పిన ఒక్క తప్పుడు సలహా.

మూడోది ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ (1961). ఈ శాఖ మొత్తంలో ఒక్కటే చదవాలంటే ఇదే చదవాలి. స్పెయిన్ యుద్ధం నుంచి కుంటుతూ తిరిగొచ్చిన కెప్టెన్ ఆడం డెవెరిల్ తండ్రి మరణంతో లింటన్ ప్రభువవుతాడు. ఫాంట్లీ ఎస్టేటు తాకట్టులో ఉంది. ప్రేమించిన జూలియా సౌందర్యరాశి, కానీ ఆ ప్రేమ అప్పు తీర్చదు. జొనథన్ చాలీ అనే కోటీశ్వరుడైన వర్తకుడు తన కూతురు జెన్నీని ప్రభువు భార్యగా చూడాలనుకుంటాడు. జెన్నీ లావుపాటి, సాదాసీదా అమ్మాయి. జూలియాకు బడి స్నేహితురాలు. ఆడంను ఎప్పటి నుంచో మనసులో పెట్టుకుంది కూడా.

హోగార్త్ చిత్రంలోని మూడు పాత్రలూ ఇక్కడ ఉన్నాయి. కానీ వర్తకుడు నవ్వులపాలు కాడు. చాలీ నోరు పెద్దది, చేయి అంతకన్నా పెద్దది. అల్లుడి ఇంటిని అడక్కుండా ఆడంబరమైన సామానుతో నింపేస్తాడు. అయితే చైనా పింగాణీ ముట్టుకునేటప్పుడు మాత్రం ఆ చేతులు ఎంత సున్నితంగా కదులుతాయో హేయర్ ఆగి చూపిస్తుంది. అల్లుడికి మామగారి ఔదార్యం మెడకు గుదిబండ. ప్రతి బహుమతీ తను అమ్ముడుపోయానని గుర్తుచేస్తుంది. ఇద్దరి మధ్యా నలిగే జెన్నీ చేసేదల్లా ఇల్లు నడపడం. భర్తకు ఏది సుఖమో గమనించి, చెప్పకుండా అమర్చడం.

1815లో నెపోలియన్ తిరిగి రాగానే లండన్ నగరం బెంబేలెత్తింది. ప్రభుత్వ రుణపత్రాలు అమ్మేయమని చాలీ హడావుడిగా అల్లుణ్ణి పిలిపిస్తాడు. వెల్లింగ్టన్ కింద పనిచేసిన ఆడంకు తన సేనాధిపతి మీద నమ్మకం. అమ్మడం మాని, అప్పు చేసి మరీ కొంటాడు. వాటర్లూ గెలుపుతో సొంతంగా డబ్బు వస్తుంది. మామ సొమ్ము మీద ఆధారపడనక్కర లేని రోజు వచ్చాకే ఆడం భార్యను తేటగా చూడగలుగుతాడు. ప్రేమకు సమానత్వం ఎంత అవసరమో ఉపన్యాసం లేకుండా, షేర్ల బజారు సాయంతో చెప్పిన నవల మరొకటి నాకు తెలియదు.

ముగింపు చాలామంది ప్రణయ పాఠకులకు నచ్చదు. ఆడం జెన్నీ కోసం పిచ్చివాడు కాడు. జూలియా పట్ల ఉన్నది కల అని, జెన్నీతో ఉన్నది జీవితమని తెలుసుకుంటాడు. ఆ తేడా జెన్నీకీ తెలుసు. తనకు దక్కనిది ఏమిటో తెలిసి, దక్కినదానితో తృప్తి పడుతుంది. ఇది సర్దుబాటా, ప్రేమా అని అరవై ఏళ్లుగా పాఠకులు వాదించుకుంటున్నారు. ఇది ప్రేమేనని నా అభిప్రాయం. కాకపోతే ప్రణయ నవలకు అలవాటు లేని రకం.

1972 తర్వాత

అమెరికాలో కాథ్లీన్ వుడివిస్ రాసిన ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ 1972లో ఏవన్ సంస్థ నేరుగా పేపర్‌బ్యాక్‌గా తెచ్చింది. పడకగది తలుపు తెరిచి ఉంచిన చారిత్రక ప్రణయ నవలల వెల్లువ దాంతో మొదలైంది. ఇందులో నాయకుడు నాయికను వీధి మనిషనుకుని బలాత్కరిస్తాడు. ఆమె గర్భవతి అయ్యాక బంధువుల ఒత్తిడితో పెళ్లి జరుగుతుంది, తర్వాత ప్రేమ. జూడ్ డెవెరో ‘ది వెల్వెట్ ప్రామిస్’ (1981) లాంటి నవలలూ ఈ బాటలోనే పోయాయి. పెళ్లి ముసుగులో బలవంతాన్ని ప్రేమగా మార్చేసిన ఈ కథలు ఈనాడు చదవడం కష్టం. అప్పట్లో మాత్రం లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. పాఠకురాళ్లతో మాట్లాడి జానిస్ రాడ్వే 1984లో రాసిన ‘రీడింగ్ ది రొమాన్స్’ ఈ ఆకర్షణను అర్థం చేసుకునే ప్రయత్నం. కఠినుడైన మగవాడు చివరికి తల్లిలా లాలించేవాడుగా మారడమే ఆ పాఠకురాళ్లకు కావలసిందని ఆమె తేల్చింది.

రాజాజ్ఞ పెళ్లిళ్లు ఇంకో పాయ. జూలీ గార్వుడ్ ‘ది బ్రైడ్’ (1989)లో 1100 నాటి స్కాట్లండ్ దొరకు ఇంగ్లీషు పిల్లను కట్టబెడతారు. ఒకరి ఆచారాలు ఒకరికి తెలియవు, నవ్వులాట ఎక్కువ. చరిత్ర పలచన, సంభాషణ చురుకు.

వేల్స్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన మేరీ బాలో ఈ ఇతివృత్తాన్ని అందరికన్నా ఎక్కువసార్లు, ఓపికగా తవ్వింది. ‘ఎ క్రిస్మస్ ప్రామిస్’ (1992)లో బొగ్గు వర్తకుడి కూతుర్నీ అప్పుల ప్రభువునూ తెచ్చి హేయర్‌కు జవాబులాంటిది రాసింది. ‘ది అరేంజ్‌మెంట్’ (2013)లో యుద్ధంలో చూపు పోయిన యువ ప్రభువు, చుట్టాల పంచన ఎవరి కంటా పడకుండా బతికిన అనాథ పిల్ల ఒక ఒప్పందానికి వస్తారు. ఏడాది పోయాక ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చని అనుకుని పెళ్లాడతారు. అతనికి దారి తెలిసేలా తోటలో కమ్మీలు వేయించడం, ఊతకు కుక్కను తర్ఫీదు చేయించడం ఆమె ప్రేమ భాష.

చైనాలో పుట్టి, ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుని రాసిన షెర్రీ థామస్ ‘రావిషింగ్ ది హైరెస్’ (2012)లో గడువును ఎనిమిదేళ్లకు పెంచింది. డబ్బాల్లో చేపలు అమ్మే కంపెనీ వారసురాలు మిల్లీ, మనసు వేరొకరికిచ్చిన ఫిట్జ్. ఎనిమిదేళ్లు భార్యాభర్తల్లా మసలకుండా ఉందామని ప్రతిపాదించింది ఆమే, అభిమానం కొద్దీ. ఈ ఎనిమిదేళ్లలో వాళ్లు కలిసి వ్యాపారం నడుపుతారు, లావెండర్ తోట పెంచుతారు, స్నేహితులవుతారు. టెస్సా డేర్ ‘ది డచెస్ డీల్’ (2017)లో యుద్ధంలో ముఖం కాలిన డ్యూక్ ఒక దర్జీ పిల్లకు బేరం పెడతాడు.

ఈ కొత్త నవలల్లో ఒప్పందపు షరతులు నాయిక కూడా పెట్టడం గమనించాలి. 1970ల చేదుకు ఇది విరుగుడు. చట్టం ఇవ్వని సమ్మతిని రచయిత్రులు కథలోకి తెచ్చిపెట్టారు. భర్త అత్యాచారాన్ని ఇంగ్లండు న్యాయస్థానం నేరంగా గుర్తించింది 1991లో. రీజెన్సీ కాలపు భర్త భార్య అనుమతి కోసం ఏడాది ఆగడం అసంభవమేమీ కాదు, కానీ అతన్ని ఆగమనే శక్తి ఏ శాసనానికీ లేదు. చరిత్ర పరంగా ఇది తీపి పూత అని విమర్శించేవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. 1774లో తన పదిహేడో పుట్టినరోజున డెవన్‌షైర్ డ్యూకును పెళ్లాడిన జార్జియానాకు ప్రేమ పుట్టే ఇల్లు దొరకలేదు, భర్త ఉంపుడుగత్తె కాపురం పెట్టిన ఇల్లు దొరికింది.

రాజుల పెళ్లిళ్లు

నిజ చరిత్రలోని రాచ దంపతులను తీసుకున్నప్పుడు రచయితల చేతులు కొంత కట్టుబడతాయి. మూడో జార్జ్, జర్మనీలోని మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ రాకుమారి షార్లెట్ 1761 సెప్టెంబరు 8న లండనులో తొలిసారి కలుసుకున్నారు. ఆ రాత్రికే పెళ్లి. ఆమెకు పదిహేడు, అతనికి ఇరవై మూడు. పదిహేనుమంది పిల్లలు, తన వంశపు రాజుల ఆనవాయితీకి విరుద్ధంగా ఉంపుడుగత్తెలు లేని రాజు, ఆ తర్వాత అతని మతి చలించిన దీర్ఘ విషాదం. 2023లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా వచ్చి, జూలియా క్విన్, షోండా రైమ్స్ చేతుల మీదుగా నవల కూడా అయిన ‘క్వీన్ షార్లెట్’ ఈ పెళ్లి మీద అల్లిందే. జాతి విషయంలోనూ రాజు జబ్బు ఎప్పుడు మొదలైందన్న విషయంలోనూ స్వేచ్ఛ తీసుకున్నా, అపరిచితుల పెళ్లి రాత్రి అన్న మూలం చరిత్ర ఇచ్చిందే.

మన దేశంలో ఈ తరహాకు పేరెన్నికగన్నది అశుతోష్ గోవారికర్ సినిమా ‘జోధా అక్బర్’ (2008). అంబర్ రాజు భారమల్ కూతురిని అక్బర్ 1562లో సాంభర్ దగ్గర పెళ్లాడిన మాట చరిత్ర. ఆమె తర్వాత మరియం ఉజ్ జమానీ అనే బిరుదుతో ప్రసిద్ధురాలు, సలీం తల్లి. జోధా అన్న పేరు మాత్రం ఆ కాలపు గ్రంథాల్లో ఆమెకు లేదు. ఆ వివాదం సినిమా విడుదలప్పుడు వీధుల్లోకి కూడా వచ్చింది. దంపతుల మధ్య ప్రేమ ఎలా పుట్టిందో ఏ చరిత్రకారుడూ రాసిపెట్టలేదు. సినిమా ఆ ఖాళీని వంటింటితో నింపింది. రాణి స్వయంగా వండిన భోజనాన్ని విషం లేదని రుజువు చేయడానికి ముందు ఆమే రుచి చూడాలని అక్బర్ పెంపుడుతల్లి మాహం అంగా అవమానిస్తుంది. ఆమె తిన్న పళ్లెంలోనే తనకు వడ్డించమని అక్బర్ అంటాడు. రెండు గంటల కత్తియుద్ధాల కన్నా ఆ ఒక్క పళ్లెం ఎక్కువ చెప్పింది.

చైనా

చైనా ఇంటర్నెట్ నవలల్లో ముందు పెళ్లి, తర్వాత ప్రేమ అన్నది ఏకంగా ఒక వర్గం. జిన్‌జియాంగ్ వెబ్‌సైటులో సీరియల్‌గా మొదలై 2018లో టీవీకెక్కిన మింగ్లాన్ కథ దీనికి మంచి ఉదాహరణ. ఉంపుడుభార్యకు పుట్టిన కూతురు మింగ్లాన్, చెడ్డపేరు మోసిన గు టింగ్యే ఇంటికి కోడలవుతుంది. నవలలో ఈమె నిజానికి ఈ కాలపు కోర్టు ఉద్యోగిని, పాతకాలపు శరీరంలో తిరిగి పుట్టినది. ఎవర్నీ నమ్మి మనసివ్వకూడదని లెక్కలు వేసుకుని కాపురం చేస్తుంది. కుదిర్చిన పెళ్లిలో ప్రేమ పుట్టకూడదని నాయికే జాగ్రత్త పడటం ఇందులో కొత్త. టీవీ వాళ్లు పునర్జన్మను తీసేసి కథను సోంగ్ రాజవంశ కాలంలో పెట్టారు. ఆ జాగ్రత్తను మాత్రం ఉంచారు.

బెంగాల్, తెలుగు

పెద్దలు కుదిర్చిన పెళ్లి నిత్యజీవితమైన చోట దాన్ని ప్రణయ కథగా రాయడం సులువనుకుంటాం. జరిగింది వేరు. బంకించంద్ర చటర్జీ ‘దేవీ చౌధురాణి’ (1884) వారన్ హేస్టింగ్స్ కాలపు బెంగాల్ కథ. ప్రఫుల్ల పేదరాలి కూతురు. పెళ్లినాడు పుట్టిన పుకారు పట్టుకుని మామ హరవల్లభుడు ఆమెను ఇంటికి రానివ్వడు. తను ఎలా బతకాలని కోడలు అడిగిస్తే, దొంగతనం చేసుకోమను, దోపిడీలు చేసుకోమను అంటాడు. ఆమె అక్షరాలా అదే చేసి దోపిడీ దళపు రాణి అవుతుంది. భర్త వ్రజేశ్వరుడితో ఆమె గడిపింది ఒకే ఒక్క రాత్రి, దక్కింది ఒక ఉంగరం. ఏళ్ల తర్వాత అదే మామ అప్పులకు యాభై వేలు ఇచ్చి ఆదుకున్నదీ ఆమే. నవల చివర ఆ రాణి సవతులున్న అత్తింటికి కోడలిగా తిరిగొచ్చి చెరువుగట్టున అంట్లు తోముకుంటుంది. బంకిం దీన్ని నిష్కామకర్మ అన్నాడు. ఈనాటి పాఠకురాలికి పడవ మీది దేవి గుర్తుంటుంది, చెరువుగట్టు మింగుడుపడదు.

తెలుగులో ఈ ఇతివృత్తానికి నేరుగా తగిలే చారిత్రక నవల విశ్వనాథ సత్యనారాయణ 1930 ప్రాంతంలో రాసిన ‘ఏకవీర’. మధుర నాయకుల కాలం, వైగై నది ఒడ్డు. కుట్టాన్ సేతుపతి మనసు మీనాక్షి మీద, అతని మిత్రుడు వీరభూపతి మనసు ఏకవీర మీద. పెద్దల నిర్ణయాలతో పెళ్లిళ్లు తారుమారవుతాయి. ఏకవీర సేతుపతికి, మీనాక్షి వీరభూపతికి భార్యలవుతారు. ఎవరు ఎవరిని ప్రేమించారో మిత్రులిద్దరికీ తెలియదు. ఇంగ్లీషు రచయిత్రి అయితే ఇక్కడి నుంచి రెండు కాపురాలనూ నెమ్మదిగా అతికించేది. విశ్వనాథ ఆ అవకాశాన్ని దగ్గరదాకా రానిచ్చి లాగేసుకుంటాడు. సేతుపతి భార్య వైపు తిరిగే వేళకు ఆలస్యమైపోతుంది. పాత ప్రేమ ఒక్క క్షణం అదుపు తప్పుతుంది, ఆ క్షణాన్ని నవలలోని ధర్మం క్షమించదు. పెళ్లయ్యాక ప్రేమ పుట్టదని విశ్వనాథ అనలేదు. పుట్టే లోపే మనుషులు కూలిపోవచ్చన్నాడు. 1969లో ఎన్.టి. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమునలతో ఇది సినిమాగా వచ్చింది.

అతికిన కాపురం కావాలంటే అడివి బాపిరాజు దగ్గరికి పోవాలి. ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ‘వేయిపడగలు’తో బహుమతి పంచుకుంది. రైల్లో పరిచయమైన యువకుడి తెలివికి ముగ్ధుడైన జమీందారు తన కూతురు శారదను అతనికిస్తాడు. శారదకు ఈ సంబంధం చిన్నతనం. మొగుడు జమీందారు కాడు, రైతు బిడ్డ. బంధువైన జగన్మోహనరావు ఆ చిన్నచూపుకు ఎరువు వేస్తూనే ఉంటాడు. నారాయణరావు భార్యను బలవంతపెట్టడు, నిలదీయడు. అలా దూరంగా నిలబడి వేచి ఉంటాడు. అత్తింటి మనుషుల మధ్య మసలుతూ మసలుతూ శారద కళ్లు విచ్చుకుంటాయి. హేయర్ ‘ఏప్రిల్ లేడీ’ కన్నా రెండు దశాబ్దాల ముందే, ఆ మౌనపు దూరాన్నే కోనసీమ లోగిలిలో పెట్టి రాశాడు బాపిరాజు.

కానీ ‘నారాయణరావు’ చారిత్రక నవల కాదు, రచయిత తన కాలం గురించి రాసుకున్నది. అదే బాపిరాజు చరిత్రలోకి వెళ్లేసరికి తీరు మారుతుంది. కాకతీయుల నాటి ‘గోన గన్నారెడ్డి’లో ఆదవోని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబికకు పెద్దలు వరదారెడ్డితో పెళ్లి కుదిర్చారు. పెళ్లివారు తరలివస్తుండగా గన్నారెడ్డి దారికాచి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. పెళ్లి ఆగిపోతుంది. అన్నాంబిక కోట విడిచి, కత్తి పట్టి, చివరికి ఆ గజదొంగనే వరిస్తుంది.